గింజలోది వేరు, చేపలోది వేరు

చేపల్లో ఒమేగా-3 ఉంటుందన్న మాట వినని ఇల్లు ఇవాళ తెలుగునాట అరుదు. ఆ మాట విని ఆదివారం పొద్దున్నే బజారుకు వెళ్ళి కిలో శీలావతో, బొచ్చో కోయించి తెచ్చుకుంటాం. పక్క గంపలో తక్కువ ధరకి పోస్తున్న కవళ్ళ వంక చూడం. ముళ్ళెక్కువ, నీచెక్కువ అనుకుంటాం. నిజానికి మనం ఏ పదార్థం కోసం వెళ్ళామో అది దండిగా ఉన్నది ఆ గంపలోనే. కొవ్వు పట్టిన కాలంలో నూనె కవళ్ళు 100 గ్రాములు తింటే గ్రాము దాకా, ఒక్కోసారి అంతకు మించి, ఒమేగా-3 దొరుకుతుంది. చెరువులో పెరిగిన శీలావతిలో ఉండేది అందులో చిన్న వంతే.

రెండూ చేపలే అయినప్పుడు ఇంత తేడా ఎక్కణ్ణుంచి వచ్చింది? చేప ఈ కొవ్వును ఎక్కువగా తయారుచేసుకోదు, తిన్నదాంట్లోంచి పోగేసుకుంటుంది. అసలు తయారీదారులు సముద్రపు నీటిలో తేలుతుండే వృక్ష ప్లవకాలు. కంటికి ఆనని ఈ ఏకకణ జీవులు సూర్యరశ్మితో బతుకుతూ, తమ కణాల పొరల కోసం పొడవాటి ఒమేగా-3 కొవ్వులను అల్లుకుంటాయి. వాటిని జంతు ప్లవకాలు తింటాయి. కవళ్ళు, నెత్తళ్ళు, కానాగంతల వంటి గుంపు చేపలు ఆ ప్లవకాలను వడకట్టుకుని మింగుతాయి. ఆ చిన్న చేపల్ని వంజరం లాంటి పెద్ద చేపలు తింటాయి. చివరికి మన పులుసులోకి వచ్చే ఒమేగా-3 అంతా ఏదో ఒక నాచు కణం చేసిపెట్టినదే.

ఇక చెరువు చేప సంగతి. చేపల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలోనే మొదటి స్థానంలో ఉంది. ఆ పంటలో సింహభాగం కొల్లేరు చుట్టుపక్కల, భీమవరం, ఆకివీడు, కైకలూరు ప్రాంతాల చెరువుల్లో పండేదే. అక్కడ చేపలకు వేసేది ముఖ్యంగా నూనె తీసిన తవుడు, వేరుశెనగ చెక్క, పత్తి గింజల చెక్క. సంచులకు చిల్లులు పెట్టి, మేత నింపి, చెరువులో వరుసగా వేలాడదీస్తారు. చేప వచ్చి పొడుచుకు తింటుంది. ఆ మేతలో కొవ్వే తక్కువ, ఉన్న కొద్దిలోనూ ఒమేగా-3 అంతంత మాత్రం. శీలావతి ఒంట్లో ఆ మేతే కనిపిస్తుంది. ఇందులో రైతు తప్పేమీ లేదు. మంచి మాంసకృత్తులను చవగ్గా అందిస్తున్న పంట అది, దేశంలో లక్షల కుటుంబాలకు అదే ప్రోటీను. ఒమేగా-3 కోసం మాత్రం దాని దగ్గరికి వెళ్ళడంలో అర్థం లేదు.

ఖరీదైన సాల్మన్‌కీ ఇదే సూత్రం వర్తించింది. స్కాట్లాండ్‌లో పెంచే సాల్మన్‌కు ఒకప్పుడు చేప నూనె, చేపల పిండి ఎక్కువగా పెట్టేవారు. అవి ప్రియమై, వాటి బదులు మొక్కల నూనెలు కలపడం మొదలుపెట్టాక, 2006 నుంచి 2015 లోపు ఆ సాల్మన్ మాంసంలో ఈపీఏ, డీహెచ్ఏలు సగానికి పడిపోయాయని స్టర్లింగ్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. జాతి మారలేదు, పేరు మారలేదు. మేత మారింది.

ఈపీఏ, డీహెచ్ఏ అన్న పేర్లు వచ్చాయి కాబట్టి వాటి సంగతి ఇక్కడే చూద్దాం. ఇది తెలియకుండా గింజకీ చేపకీ పోలిక పెట్టలేం.

కొవ్వు ఆమ్లం అంటే కార్బన్ పరమాణువుల గొలుసు. ఆ గొలుసులో కొన్నిచోట్ల ద్విబంధాలుంటాయి. ద్విబంధం ఉన్నచోట గొలుసు వంగుతుంది. వంకరలు ఎక్కువైన కొద్దీ అణువులు ఒకదాని పక్కన ఒకటి సర్దుకోలేవు, కాబట్టి ఆ కొవ్వు గడ్డకట్టదు, చలిలోనూ జారుడుగా ఉంటుంది. గొలుసు కొస నుంచి లెక్కపెడితే మొదటి ద్విబంధం మూడో కార్బన్ దగ్గర వస్తే అది ఒమేగా-3, ఆరో కార్బన్ దగ్గర వస్తే ఒమేగా-6. ఒమేగా-3 అన్నది ఒక్క పదార్థం పేరు కాదు, ఒక కుటుంబం పేరు. ఆ కుటుంబంలో మనకు ముఖ్యమైనవాళ్ళు ముగ్గురు. మొక్కల్లో ఉండేది ఏఎల్ఏ, అంటే ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం. దానికి 18 కార్బన్లు, 3 ద్విబంధాలు. చేపల్లో ఉండేవి ఈపీఏ, డీహెచ్ఏ. ఈపీఏకి 20 కార్బన్లు, 5 ద్విబంధాలు. డీహెచ్ఏకి 22 కార్బన్లు, 6 ద్విబంధాలు.

మన మెదడు కణాల పొరల్లోనూ, కంటి రెటీనాలో వెలుగును పట్టే కణాల పొరల్లోనూ కిక్కిరిసి ఉండేది డీహెచ్ఏ. రక్తం గడ్డకట్టడాన్నీ, వాపునూ అదుపులో ఉంచే రసాయనాలకు ముడిసరుకు ఈపీఏ. మరి ఏఎల్ఏ పని? ముఖ్యంగా ఆ రెండింటికీ ముడిసరుకు కావడం. ఒంట్లో చేరిన ఏఎల్ఏలో ఎక్కువ భాగం మామూలు కొవ్వులాగే శక్తి కోసం ఖర్చయిపోతుంది. కొద్ది భాగం పొడవు పెరిగి ఈపీఏ అవుతుంది. అందులోంచి మరీ కొద్ది భాగం డీహెచ్ఏ దాకా వెళ్తుంది.

అందుకని ఏఎల్ఏని చిన్నచూపు చూడకూడదు. అది లేకపోతే ఏమవుతుందో తెలిసిన కథ ఒకటుంది, వైద్యశాస్త్రంలో మరచిపోలేనిది.

1929 దాకా కొవ్వంటే వట్టి శక్తినిచ్చే ఇంధనం అనే అందరి నమ్మకం. ఆ ఏడాది అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన జార్జ్ బర్, ఆయన భార్య మిల్డ్రెడ్ బర్ ఎలుకలకు కొవ్వు బొత్తిగా లేని తిండి పెట్టి చూశారు. ఎలుకల ఎదుగుదల ఆగిపోయింది, తోకలు పొలుసులు పొలుసులుగా ఊడాయి, మూత్రపిండాలు దెబ్బతిన్నాయి, చివరికి చచ్చిపోయాయి. కొన్ని కొవ్వు ఆమ్లాలను జంతువు శరీరం తయారుచేసుకోలేదని, అవి తిండిలోంచే రావాలని అలా తేలింది. కార్బన్ గొలుసులో ఆ మూడో చోట, ఆరో చోట ద్విబంధం పెట్టే ఎంజైములు మొక్కలకున్నాయి, మనకు లేవు.

ఆ తర్వాత చాలాకాలం ఒమేగా-6 ఒక్కటే అత్యవసరమని, ఒమేగా-3 లేకపోయినా గడుస్తుందని అనుకున్నారు. 1982లో, బర్ శిష్యుడైన రాల్ఫ్ హోల్మన్, ఆయన సహచరులు ఒక ఆరేళ్ళ పాప గురించి రాశారు. తుపాకీ గుండు తగిలి పేగులు చాలావరకు తీసేయాల్సి వచ్చిన పాప. ఆమెకు ఆహారమంతా రక్తనాళం గుండానే ఎక్కించేవారు. అందులో కొవ్వు కోసం వాడింది కుసుమ నూనెతో చేసిన ద్రావణం. కుసుమ నూనెలో ఒమేగా-6 పుష్కలం, ఒమేగా-3 దాదాపు సున్నా. కొన్ని నెలలకు పాపకు ఒళ్ళు తిమ్మిరెక్కడం, కాళ్ళ నొప్పులు, నడవలేకపోవడం, చూపు మసకబారడం మొదలయ్యాయి. రక్తం పరీక్షిస్తే ఒమేగా-3 అడుగంటి ఉంది. ద్రావణాన్ని సోయా నూనెతో చేసిన దానికి మార్చారు. సోయా నూనెలో ఏఎల్ఏ ఉంటుంది. లక్షణాలు తగ్గిపోయాయి. చేప నూనె చుక్క కూడా అక్కర్లేకుండా, ఒక మొక్క నూనె ఆ పాపను నిలబెట్టింది.

కాబట్టి గింజ పనికిరాదని ఎవరన్నా అంటే ఆ పాప కథ చెప్పాలి. గింజ ఉంటే చేప దండగ అని ఎవరన్నా అంటే ఈ కింది లెక్క చెప్పాలి.

అవిసె గింజల బరువులో నూటికి 40 పాళ్ళు నూనె, ఆ నూనెలో సగానికి పైగా ఏఎల్ఏ. 10 గ్రాముల అవిసె పొడి తింటే 2 గ్రాములకు పైగా ఏఎల్ఏ ఒంట్లో చేరుతుంది. రోజుకు మగవాళ్ళకు 1.6 గ్రాములు, ఆడవాళ్ళకు 1.1 గ్రాములు చాలని అమెరికా ప్రమాణం, కాబట్టి ఆ రోజు ఏఎల్ఏ అవసరం తీరినట్టే. కానీ అందులో నూటికి 5 పాళ్ళు ఈపీఏగా మారిందనుకుంటే వచ్చేది 100 మిల్లీగ్రాముల పైచిలుకు. డీహెచ్ఏగా మారేది నూటికి అర పాలు అనుకుంటే 10 మిల్లీగ్రాములు. పెద్దవాళ్ళకు ఈ రెండూ కలిపి రోజుకు 250 మిల్లీగ్రాములైనా ఉండాలని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ), ప్రపంచ ఆరోగ్య సంస్థల నిపుణులు సూచించారు. అదే ఒక పూట కవళ్ళ పులుసు తింటే మూడు నాలుగు రోజులకు సరిపడా నేరుగా, ఏ మార్పిడీ అక్కర్లేకుండా దొరుకుతుంది.

ఈ మార్పిడి ఇంత నెమ్మదిగా ఎందుకు సాగుతుంది? ఏఎల్ఏని ఈపీఏ వైపు నడిపించే మొదటి ఎంజైము పేరు డెల్టా-6 డీసాచురేస్. ఒమేగా-6 కుటుంబంలోని లినోలీక్ ఆమ్లాన్ని మార్చాల్సిందీ అదే. ఊళ్ళో ఒక్కటే పిండిమర ఉండి, ఒకరు బస్తాల మీద బస్తాలు తెచ్చి వేస్తుంటే, చేటెడు గింజలు తెచ్చినవాళ్ళ వంతు ఎప్పటికి వస్తుంది? మన వంటిళ్ళలో జరిగింది అదే. పొద్దుతిరుగుడు నూనెలో మామూలుగా సగానికి పైగా లినోలీక్ ఆమ్లమే, ఏఎల్ఏ నూటికి ఒక పాలు కూడా ఉండదు. వేరుశెనగ నూనె, నువ్వుల నూనె కూడా ఒమేగా-3 ఇవ్వవు, కానీ వాటిలో లినోలీక్ ఆమ్లం ఇంకాస్త తక్కువ. ఉదయం ఉప్మా తాలింపు నుంచి రాత్రి వేపుడు దాకా పొద్దుతిరుగుడు నూనే వాడే ఇంట్లో చెంచాడు అవిసె పొడి పని చెయ్యడం కష్టమే. అవిసె పొడి తినమని చెప్పేవాళ్ళు నూనె గురించి కూడా చెప్పాలి. చాలామంది చెప్పరు.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఈ సంగతిని చాలాకాలం నుంచి చెబుతూనే ఉంది. అక్కడ భారతీయుల తిండిలోని కొవ్వుల మీద ఏళ్ళ తరబడి పనిచేసిన డాక్టర్ గఫూరున్నీసా, ఒకే నూనెకు కట్టుబడి ఉండొద్దని, ఏఎల్ఏ ఉన్న ఆవనూనె, సోయా నూనెల్లాంటివి కలిపిగాని మార్చిమార్చిగాని వాడమని సూచించారు. కంటికి కనిపించని కొవ్వు, అంటే ధాన్యాల్లో, పప్పుల్లో, ఆకుకూరల్లో దాగి ఉండే కొవ్వు కూడా మన లెక్కలోకి రావాలన్నది ఆమె పరిశోధన ఇచ్చిన మరో ఎరుక. మినుముల్నే తీసుకోండి. వాటిలో కొవ్వు చాలా తక్కువ. కానీ ఆ కొద్దిలో దాదాపు సగం ఏఎల్ఏ. ఇడ్లీలు, గారెలు, సున్నుండలు తినే జాతికి ఇది చిన్న సంగతి కాదు. ఆకుకూరల సంగతీ అంతే. ఆకులోని హరితరేణువుల పొరలు కట్టడానికి మొక్క ఎక్కువగా వాడేది ఏఎల్ఏనే. కొలతలో కొద్దే అయినా ప్రతి ఆకుకూరలోనూ ఉంటుంది. గంగవాయిల కూరలో మిగతా వాటికన్నా ఎక్కువ. పొలం గట్టున కలుపుగా పెరిగే ఆ కూర, పప్పులో వేస్తే రుచికి రుచి కూడా.

చియా గింజలు, ఆక్రోట్లు కూడా ఏఎల్ఏకి మంచివే. అయితే వాటికి పెట్టే డబ్బుకు అవిసెలు ఎన్నో రెట్లు వస్తాయి. అవిసెలను పొడి చేసే తినాలి. గింజలు గింజలుగా మింగితే గట్టి తొక్క వల్ల అరగకుండానే బయటికి పోతాయి. దోరగా వేయించి, ఎండుమిర్చి, జీలకర్ర, వెల్లుల్లి వేసి దంచే అవిసె కారం తెలంగాణలో కొత్తది కాదు. ఎక్కువ రోజులు నిల్వ పెట్టకుండా కొద్దికొద్దిగా దంచుకోవడం మేలు. ఎందుకంటే ద్విబంధాలున్న కొవ్వు గాలిలోని ఆక్సిజన్‌తో తొందరగా కలుస్తుంది. క్రికెట్ బ్యాటుకు అవిసె నూనె రాయడం, చిత్రకారులు తైలవర్ణాల్లో అవిసె నూనె కలపడం ఈ గుణం వల్లే. గాలి తగిలి ఆ నూనె గట్టి పొరగా ఆరిపోతుంది. బ్యాటుకు అది రక్ష. తిండిలో మాత్రం పాత వాసన, చేదు.

ఏఎల్ఏ మార్పిడి అందరిలో ఒకేలా ఉండదు. దీన్ని కొలిచే పద్ధతి ముచ్చటైనది. కార్బన్-13 అనే కాస్త బరువైన, హాని లేని కార్బన్‌తో గుర్తు పెట్టిన ఏఎల్ఏని తినిపించి, ఆ గుర్తు రక్తంలో ఏ కొవ్వులో తేలుతుందో చూస్తారు. 2002లో బ్రిటన్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో గ్రాహమ్ బర్జ్, స్టీఫెన్ వూటన్ కొద్దిమంది పడుచు ఆడవాళ్ళ మీద ఇలా చేస్తే, ఏఎల్ఏలో నూటికి 21 పాళ్ళు ఈపీఏగా, 9 పాళ్ళు డీహెచ్ఏగా మారినట్టు కనిపించింది. అదే బృందం మగవాళ్ళలో చూసినప్పుడు ఈపీఏ 8 పాళ్ళు దాటలేదు, డీహెచ్ఏ దాదాపు లేదు. ఈస్ట్రోజెన్ హార్మోను ఈ మార్పిడిని పెంచుతుంది. కడుపులోని బిడ్డ మెదడు కట్టడానికి డీహెచ్ఏ అందించాల్సింది తల్లే కాబట్టి ప్రకృతి ఆ ఏర్పాటు చేసిందనుకోవచ్చు.

మరి తరతరాలుగా చేప ముట్టని కుటుంబాలు ఎలా నెగ్గుకొస్తున్నాయి? బ్రిటన్‌లో వేలమంది శాకాహారుల్ని పరిశీలిస్తున్న ఎపిక్-ఆక్స్‌ఫర్డ్ అధ్యయనంలో, మాంసం తినేవాళ్ళతో పోలిస్తే శాకాహారుల రక్తంలో డీహెచ్ఏ సుమారు మూడో వంతు తక్కువగా ఉంది. పాలు, గుడ్లు కూడా మానేసిన వీగన్లలో సగానికి పైగా తక్కువ. కానీ నాకు దానికన్నా పెద్ద సంగతిగా తోచేది అందులోనే ఉంది. ఏడాది క్రితం శాకాహారి అయినవాళ్ళకూ, ఇరవై ఏళ్ళ క్రితం అయినవాళ్ళకూ ఆ స్థాయిల్లో పెద్ద తేడా లేదు. రోజురోజుకూ అడుగంటిపోవడం లేదన్నమాట. తక్కువైనా ఒక మట్టం దగ్గర శరీరం నిలబెట్టుకుంటోంది, తనే తయారుచేసుకుంటోంది.

ఆ తయారీ సామర్థ్యం మన జన్యువుల్లోనే రాసి ఉందని 2016లో మరో పరిశోధన చూపింది. కార్నెల్ విశ్వవిద్యాలయంలో కుమార్ కొత్తపల్లి, టామ్ బ్రెన్నా బృందం పుణెలోని 234 మంది మీద, ఎక్కువగా శాకాహారులే, అమెరికాలోని 311 మంది మీద ఒక జన్యుమార్పును వెతికింది. కొవ్వు గొలుసులను పొడవు చేసే ఎంజైములకు సంబంధించిన చోట ఉంటుంది అది. దాని రెండు ప్రతులూ ఉన్నవాళ్ళు మొక్కల కొవ్వుల్లోంచి పొడవాటి కొవ్వులను మరింత బాగా తయారుచేసుకోగలరు. పుణె వాళ్ళలో నూటికి 68 మందికి అది ఉంది. అమెరికన్లలో 18 మందికే. తరతరాల శాకాహారం శరీరాన్ని తీర్చిదిద్దిన తీరు ఇది.

దీనికి సరిగ్గా తలకిందులు గ్రీన్‌లాండ్. అక్కడి ఇన్యూట్‌ల తిండి తరతరాలుగా సీళ్ళు, తిమింగలాలు, చేపలు. తయారైన ఈపీఏ, డీహెచ్ఏలు తిండిలోనే పుష్కలంగా వస్తుంటే సొంతంగా చేసుకోవాల్సిన పనేముంది? 2015లో వచ్చిన పరిశోధనలో వాళ్ళ జన్యువులు ఆ తయారీని తగ్గించే వైపు మారినట్టు తేలింది. ఆ మార్పు ఇన్యూట్‌లలో దాదాపు అందరికీ ఉంటే, ఐరోపా వాళ్ళలో నూటికి ఇద్దరికే ఉంది.

కానీ భారతీయులకు ఈ జన్యువు వల్ల ఒక చిక్కు కూడా ఉంది, కార్నెల్ బృందం దాన్ని స్పష్టంగానే చెప్పింది. ఆ ఎంజైములు ఒమేగా-3ని మాత్రమే పొడవు చెయ్యవు. ఒమేగా-6ని కూడా అంతే చురుగ్గా అరాకిడోనిక్ ఆమ్లంగా మారుస్తాయి. వాపును పెంచే రసాయనాల్లో చాలావాటికి అదే ముడిసరుకు. పూర్వం తిండిలో నూనే తక్కువ కాబట్టి ఈ చురుకుదనం వరమే అయింది. ఒమేగా-6 నూనెలు ధారగా పోసుకునే ఈ రోజుల్లో అదే బరువు కావచ్చు. అందుకే గింజా, చేపా అన్న వాదన కంటే నూనె డబ్బా మీద చూపు పెట్టడం ముఖ్యమని నేను నమ్ముతాను.

గుండె సంగతికి వస్తే, చేప నూనెకు అంత పేరు తెచ్చింది ఆ గ్రీన్‌లాండే. 1970లో డెన్మార్క్ వైద్యులు హాన్స్ ఓలాఫ్ బాంగ్, యోర్న్ డైయర్‌బర్గ్ ఉమన్నాక్ ప్రాంతానికి వెళ్ళి ఇన్యూట్‌ల రక్తం సేకరించారు. అంత కొవ్వు తింటున్నా వాళ్ళ రక్తంలో ట్రైగ్లిజరైడ్లు తక్కువ, చేప తాలూకు ఒమేగా-3 ఎక్కువ. వాళ్ళకు గుండెజబ్బులు నిజంగానే అంత తక్కువా అన్నదాని మీద తర్వాత అనుమానాలొచ్చాయి కానీ, ప్రశ్న మాత్రం ప్రపంచమంతా పాకింది. వేల్స్‌లో ఒకసారి గుండెపోటు వచ్చిన 2,033 మంది మగవాళ్ళ మీద జరిగి, 1989లో ఫలితాలు వచ్చిన డార్ట్ పరీక్షలో, నూనె చేపలు వారానికి రెండుసార్లు తినమని సలహా పొందినవాళ్ళలో రెండేళ్ళ లోపు మరణాలు 29 శాతం తగ్గాయి. ఇటలీలో 11,324 మంది మీద చేప నూనె మాత్రలతో జరిగి, 1999లో ఫలితాలు వచ్చిన పరీక్ష కూడా మేలే చెప్పింది.

ఆ తర్వాత వచ్చిన పెద్ద పరీక్షలు ఆశల్ని కిందికి దింపాయి. అమెరికాలో 25,871 మంది మీద జరిగిన వైటల్, బ్రిటన్‌లో 15,480 మంది మధుమేహులతో జరిగిన అసెండ్, రెండింటి ఫలితాలూ 2018లో వచ్చాయి. రోజుకు ఒక గ్రాము మాత్ర వేసుకున్నందువల్ల గుండెపోటు, పక్షవాతం వంటివన్నీ కలిపి చూస్తే చెప్పుకోదగ్గ తగ్గుదల లేదు. అయితే వైటల్‌లో చేపలు బాగా తక్కువగా తినేవాళ్ళకు మాత్రం కొంత మేలు కనిపించింది. అదే ఏడాది రెడ్యూస్-ఇట్ పరీక్షలో శుద్ధి చేసిన ఈపీఏ రోజుకు 4 గ్రాములు ఇస్తే ముప్పు నాలుగో వంతు తగ్గింది. పోల్చడానికి వాళ్ళు వాడిన ఖనిజ నూనె మీద విమర్శలొచ్చాయి. 2020లో ఈపీఏ, డీహెచ్ఏ కలిపి 4 గ్రాములు ఇచ్చిన స్ట్రెంత్ పరీక్ష ఏ మేలూ చూపలేక మధ్యలోనే ఆగిపోయింది. పైగా ఇంత మోతాదులో గుండె లయ తప్పే జబ్బు కాస్త పెరుగుతోందని తెలిసింది. డాక్టరు రాయకుండా పెద్ద మోతాదు మాత్రలు వాడొద్దనడానికి ఇదొక్కటి చాలు.

గింజ తరఫున పరీక్ష జరగలేదా అంటే జరిగింది. నెదర్లాండ్స్‌లో గుండెపోటు వచ్చిన 4,837 మందికి 2 గ్రాముల ఏఎల్ఏ కలిపిన మార్జరిన్, లేదా 400 మిల్లీగ్రాముల ఈపీఏ-డీహెచ్ఏ కలిపింది, లేదా రెండూ కలిపింది ఇచ్చారు. 2010లో ఫలితం వచ్చింది. మొత్తం మీద ఏదీ గుండెజబ్బుల్ని చెప్పుకోదగ్గంతగా తగ్గించలేదు. అప్పటికే మంచి మందులు వాడుతున్న రోగులు వాళ్ళు. వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకర్థమయ్యేది ఇదీ: మాత్రతో గుండెను కాపాడుకుందామన్న ఆశ బలహీనమైనది. వేపుడు మాంసం బదులు వారానికి రెండుసార్లు నూనె చేప తినే అలవాటు మాత్రం ఇప్పటికీ మంచిదే, ఎందుకంటే చేప ఒక్క ఒమేగా-3తో రాదు, మరో తిండిని తప్పించి మరీ వస్తుంది.

ఆ చేప ఏమిటి, ఎలా వండాలి అన్నది తీరం వాళ్ళకు ఒకరు చెప్పక్కర్లేదు. కవళ్ళు, నెత్తళ్ళు, కానాగంతలు. వీటిలో కొవ్వు ఏడాదంతా ఒకేలా ఉండదు. వానాకాలంలో ప్లవకాలు విరివిగా పెరుగుతాయి, ఆ తర్వాతి నెలల్లో కవళ్ళు బాగా నూనె పడతాయి. పులుసు పెడితే కరిగిన కొవ్వు పులుసులోనే ఉంటుంది, అది మన కంచంలోకే వస్తుంది. నూనెలో మునిగేలా వేయిస్తే చేపలోని కొవ్వు కొంత బయటికి పోయి, వేయించిన నూనె లోపలికి చేరుతుంది. పొద్దుతిరుగుడు నూనెలో వేయించిన కవళ్ళు తింటే ఒమేగా-3 కోసం వెళ్ళి ఒమేగా-6 తెచ్చుకున్నట్టే. బాధాకరమైన విషయం ఇంకొకటి. మన దేశపు కవళ్ళలో కొంత భాగం పళ్ళేల్లోకి కాక చేపల పిండి, చేప నూనె మిల్లులకు పోతోంది. అక్కడినుంచి రొయ్యల మేతగా, కోళ్ళ మేతగా తిరుగుతుంది. పేదవాడి చేప పేదవాడికి దక్కకుండా, ఆ నూనే మాత్రల్లోకి ఎక్కి ఎన్నో రెట్ల ధరకు వస్తే కొనుక్కోవడం ఎంత అన్యాయం.

గర్భిణుల విషయంలో మాత్రం చేపా గింజా ఒకటే అని ఊరుకోకూడదు. ఏడో నెల నుంచి బిడ్డ మెదడు వేగంగా డీహెచ్ఏ చేర్చుకుంటుంది, పుట్టాక రెండేళ్ళ దాకా అది సాగుతుంది. తల్లి తిండిలో రోజుకు 200 మిల్లీగ్రాముల డీహెచ్ఏ ఉండాలని నిపుణులంటారు. చేప తినే ఇంట్లో వారానికి రెండు పూటలు చిన్న సముద్రపు చేప పెడితే అది తీరిపోతుంది. అయితే పెద్ద వేట చేపలు వద్దు. ఆహార గొలుసులో పైకి వెళ్ళిన కొద్దీ ఒంట్లో పాదరసం పోగుపడుతుంది, అది బిడ్డ మెదడుకే చేటు. కోస్తాలో బాలింతకు పాలు పడతాయని సొర వండిపెడతారు. ప్రేమతో పెట్టే తిండే, కానీ గర్భిణులూ బాలింతలూ సొర జాతుల్ని మానాలని అమెరికా ఆహార, ఔషధ సంస్థ చెబుతోంది. సొర బదులు నెత్తళ్ళు పెడితే ఆ ప్రేమా ఉంటుంది, భయమూ ఉండదు.

చేప ముట్టని ఇళ్ళకు దారి నేరుగా నాచు దగ్గరికే ఉంది. 1980ల్లో అంతరిక్షంలో మనుషులకు తిండి పండించే ఆలోచనతో నాసా డబ్బుతో నడిచిన నాచు పరిశోధనల్లోంచి అమెరికాలో మార్టెక్ అనే సంస్థ పుట్టింది. డీహెచ్ఏని దండిగా తయారుచేసే సూక్ష్మజీవిని పెద్ద ఉక్కు పీపాల్లో, చక్కెర పెట్టి, వెలుతురు లేకుండా పెంచి నూనె తీశారు. 2001లో అమెరికాలో పసిపిల్లల పాలపొడుల్లో అది కలపడానికి అనుమతి వచ్చింది. ఇప్పుడు అలాంటి నాచు నూనె మాత్రలు మన మందుల షాపుల్లోనూ దొరుకుతున్నాయి. కడుపులో బిడ్డ ఉన్న శాకాహారి తల్లి తన డాక్టరును అడగాల్సిన మొదటి ప్రశ్న నా దృష్టిలో ఇదే. అవిసెలు తింటున్నాను కదా అని ఆగిపోకూడదు.

మరో దారి పొలం గుండా వస్తోంది. నాచులోని ఆ జన్యువుల్ని నూనె మొక్కలకు అందించి, గింజలోనే చేప నూనె పండించడం. బ్రిటన్‌లో రోథామ్‌స్టెడ్ పరిశోధన కేంద్రంలో జోనాథన్ నేపియర్ బృందం కామెలినా అనే మొక్కలో ఇది సాధించి 2014లో పొలంలో పండించింది. ఆస్ట్రేలియాలో డీహెచ్ఏ పండించే కనోలాకు 2018లో అనుమతి వచ్చింది. దాని నూనె ముందుగా చేరేది పెంపుడు చేపల మేతలోకే. మన కొల్లేరు రైతు మేతలోకి అది వచ్చే ధర ఇప్పట్లో కాదు. వస్తే మాత్రం శీలావతి కూడా కవళ్ళతో పోటీ పడవచ్చు.

అంతదాకా కొనేవాళ్ళు చూసుకోవాల్సింది సీసా వెనక భాగం. ఒమేగా-3 ఉందని ముందు రాస్తే చాలదు, అది ఏఎల్ఏనా, ఈపీఏ-డీహెచ్ఏలా అన్నది చెప్పాలి. ఐరోపా సమాఖ్య నిబంధనలు ఈ తేడాను ఒప్పుకున్నాయి. ఒమేగా-3 ఉన్న ఆహారమని చెప్పుకోవాలంటే అక్కడ 100 గ్రాముల్లో ఏఎల్ఏ అయితే 300 మిల్లీగ్రాములైనా ఉండాలి, ఈపీఏ-డీహెచ్ఏలైతే 40 చాలు. చేప నూనె మాత్ర డబ్బా మీద 1000 మిల్లీగ్రాములు అని పెద్దక్షరాల్లో ఉంటుంది. అది నూనె బరువు. వెనక్కి తిప్పి ఈపీఏ, డీహెచ్ఏల అంకెలు రెండూ కూడండి. మామూలు మాత్రల్లో 180, 120 అని ఉంటాయి.